ముందే వదిలిన పరిగె

జూన్ పదిహేడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు.
బార్లీ గలగలమంటోంది.
ఒక గింజ నోట్లో వేసుకుని కొరికితే
టక్కున విరిగింది. ఇక ఆగకూడదు.

కోతయంత్రం నాది. చేను నాది కాదు.
ఎస్త్రెమదూరా మైదానంలో, వాల్దెసేర్నా చుట్టూ పన్నెండు ఊళ్ళలో
హెక్టారుకి ఇంతని మాట్లాడుకుని
ఎవరి పంటనైనా కోసిపెడతాను.
నాన్న కొడవలి నా సీటు వెనక వేలాడుతుంటుంది,
దేనికో నాకూ తెలీదు.

పైన కూర్చుంటే చేనంతా ఒకటే రంగు.
కిందికి దిగితే తెలుస్తుంది ఎన్ని కాపురాలో.
పూరేడు పిల్లల్ని చాళ్ళ మధ్య వరసగా నడిపిస్తుంది.
చెవులపిల్లి చివరి క్షణం దాకా మట్టిబెడ్డలా నటిస్తుంది.
గట్టు అవతల ఎవారిస్తో బాదం తోటలో
ఒక తొర్రకి పదేళ్ళుగా అద్దె కట్టని కూకుడుగువ్వ.
బ్లేడు ముందు నుంచి లేచేవి లేస్తాయి.
లేవలేనివాటి సంగతి
సాయంత్రం యంత్రం కడిగేటప్పుడు
నాకూ, నీళ్ళ గొట్టానికీ తెలుసు.

ఆరో చుట్టులో లేచింది, ఆడ పిల్లిగద్ద.
నడుము మీద తెల్లటి మచ్చ.
పారిపోలేదు. నా అద్దం ముందే తిరుగుతూ
వాయిదా అడగడానికొచ్చిన బాకీదారులా అరిచింది.

ఇంజను ఆపి దిగాను.
నేల మీద నాలుగు పిల్లలు, తెల్లటి నూగుతో.
అన్నిట్లోకీ పెద్దది వెల్లకిలా పడి
నా మీదికి గోళ్ళు చాచింది.
అంత కోపం అంత చిన్న ఒంట్లో ఎలా పట్టిందో!

ఎవారిస్తోకి ఫోన్ చేశాను.
"ఎంత వదిలేస్తావ్, కాసిల్దా?"
"పది మీటర్లకి పది."
"అందులో ఎన్ని ఉంటాయి?"
"నాలుగు పిల్లలు."
"నేనడిగింది బార్లీ."
"పాతిక కిలోలు. నా కూలిలో కోసుకో."
"సరే" అన్నాడు. ఆలోచించనైనా లేదు.

చుట్టూ కోసుకుంటూ పోయాను.
మధ్యాహ్నానికి మైదానమంతా గొరిగిన గుండు,
నడినెత్తిన ఒక్క పిలక.

అప్పుడు వేసింది భయం.
అందరిలో కలిసి ఉన్నప్పుడు దాక్కోవడం తేలిక.
ఒక్క మడి మిగిలితే
నక్కకి చిరునామా రాసిచ్చినట్టే.
కాపాడానో, కంచంలో పెట్టి అందించానో,
ఆ రాత్రంతా నిద్ర లేదు.

పొద్దున్నే వెళ్ళి చూస్తే మడి చుట్టూ వల.
కోళ్ళ గూటి ఇనప వల, తుప్పు పట్టింది,
ఈకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.
ఆ కోళ్ళ గుడ్లు కొన్నదాన్ని, గుర్తుపట్టనా?
"ఏ వల?" అన్నాడు ఎవారిస్తో
బాదం కొమ్మ కత్తిరిస్తూ, నా వైపు చూడకుండా.
కూలిలో పాతిక కిలోలు మాత్రం
గింజ తక్కువ కాకుండా కోసుకున్నాడు.

జూలైలో రెండుసార్లు గట్టు మీద కూర్చున్నాను.
బూడిదరంగు మగది తోట మీదుగా వచ్చి
పైనుంచే తొండని జారవిడిచింది.
ఆడది గాల్లో వెల్లకిలా తిరిగి అందుకుంది.
అరుపు ఒక్కటే కిందికి పడింది.

నాలుగింట్లో మూడు ఎగిరాయి.
నాలుగోది ఏమైందో తెలీదు.

ఆగస్టులో నాన్న కొడవలి తీసుకుని
ఆ మడి కోద్దామని పోయాను.
గింజ అప్పటికే రాలిపోయింది.
చేతికొచ్చింది గడ్డీ, మిడత కాళ్ళూ, ఒక ఈకా.
నా చిన్నప్పుడు కోసిన చేలో
కంకులు ఏరుకునే ఆడవాళ్ళని నాన్న తోలేసేవాడు కాదు.
పరిగె వాళ్ళది, అనేవాడు.
పరిగె అంటే అన్నీ అయ్యాక మిగిలేదే
అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అక్టోబరులో మొదటి వాన.
చుట్టూ ఎర్రమట్టి, మధ్యలో పది మీటర్లకి పది
ఎవరూ చల్లకుండా మొలిచిన పచ్చ.
ఎవారిస్తో ట్రాక్టరు దున్నుకుంటూ వచ్చి
అక్కడ కాస్త నెమ్మదించింది.
తర్వాత ఏం చేసిందో నేను చూడలేదు.
పక్క ఊళ్ళో ఆలివ్ పని ఉంది నాకు.