పగిలినవి

మొదటి పేజీ ఇంటిపేరు అడిగింది.
దూదేకుల, అని కొట్టాను.
దూది ఏకిన చేతులు మా ఇంట్లో ఎప్పుడో పోయాయి,
మా జేజి నాటికే అందరూ రాయి కోసేవాళ్ళు.
మార్కాపురం పలకలు.
మీరు అ ఆలు దిద్దింది
మా జేజి రుద్దిన నునుపు మీదే అయ్యుండొచ్చు.
ఆమెది మాత్రం వేలిముద్ర.

రెండో పేజీ అడిగింది:
ఏ చరిత్ర చదవదలిచారు, ఎందుకు, వెయ్యి మాటల్లో.
గిద్దలూరు నుంచి యెషయా సార్ ఫోన్లో అన్నాడు,
"గొప్పలు రాయబాకమ్మా, నీ దగ్గర ఏముందో అది రాయి."
నా దగ్గర ఉన్నది ఒక కూలి పుస్తకం.
అట్ట లేదు, ఒక మూల చెదలు తినేసింది.
నిలువు గడులు నాలుగు:
పేరు, చేసినవి, పగిలినవి, ఇవ్వవలసింది.
హుస్సేనమ్మ, నూట నలభై, పదకొండు.
హుస్సేనమ్మ, నూట ముప్పై, పంతొమ్మిది.
ఆగస్టులో ఒక వారం పేరే లేదు
అది మా నాన్న పుట్టిన వారం.
ఆ పై సోమవారం నూట యాభై,
పగిలినవి సున్నా.
ఆ సున్నా గురించే రాశాను వెయ్యి మాటలూ.

డిసెంబరులో ఐదు పంపాను.
ఆరోదానికి జనవరి నెలాఖరు గడువు,
ఫీజు డబ్బు బియ్యం డబ్బాలో దాచాను.
అంతలో పలకల షెడ్డు కూల్చి
కల్యాణమండపం కడతారని తెలిసింది.
పరుగెత్తేసరికి లెక్కల పుస్తకాలు కాటా మీదున్నాయి.
"పొట్లాలకి గూడా పనికిరావు, నీకెందుకమ్మాయ్?"
అన్నాడు పాత సామాన్ల ఖలందర్.
కిలో పద్దెనిమిది. ఏడు గోతాలు.
ఆరోదాని ఫీజు
కాగితానికీ ట్రాలీ ఆటోకీ సరిపోయింది.
అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక ఎదురుచూడటం.
అక్కడి పగలు మనకు రాత్రి గదా,
కాదనడాలన్నీ నాకు తెల్లారుజామునే చేరతాయి
నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళకి.
బిందె వరసలో పెట్టి ఫోను తెరుస్తాను.
మర్యాదగానే ఉంటాయి ఉత్తరాలు,
ఈ ఏడు అర్హులు మరీ ఎక్కువయ్యారట.
మా రాయి మాత్రం ఇప్పటికీ ఓడెక్కుతోంది
ఎవరి వరండాలకో నేలబండలై.
దాన్నెవరూ మూడు సిఫారసు ఉత్తరాలు అడగలేదు.

"ఏమన్నారే?" అంది జేజి, దగ్గు మధ్యలో.
"పగిలిందంట."
"ఎన్ని?"
"మూడు."
"చేసినవి?"
"ఐదు."
మనసులో లెక్క కట్టుకుంది.
"ఇంకా రెండుండాయిగా. బిందె ముందుకు జరుపు."

నాలుగోవాళ్ళు నన్ను వరసలో నిలబెట్టారు,
ఎవరైనా రానంటే పిలుస్తారట.
ఐదోది ఉలకదు పలకదు.
తెరిచిన ప్రతిసారీ ఒకటే మాట, పరిశీలనలో ఉంది.
పగలు ట్యూషన్ పిల్లలకు
అక్బరు చెప్తాను, అశోకుడు చెప్తాను,
చేత్తో చెప్తూనే ఉంటాను, బొటనవేలు ఫోను మీదే.

రాత్రుళ్ళు గోతాలు విప్పుతాం.
నేను పేరు చదువుతాను, జేజి మనిషిని చెబుతుంది.
"మరియమ్మా? తర్లుపాడు నుంచి రైల్లో వచ్చేది, టిక్కెట్టు లేకుండా."
"కోటమ్మా? ఆమె పలక పగిలితే
నా దొంతర్లో పెట్టేది, ముండ."
"సాలమ్మా..."
ఆ పేరుకి ఏమీ అనలేదు.
గోడవైపు తిరిగి కాసేపు దగ్గింది.
ఆ మౌనాన్ని ఏ గడిలో రాసుకోవాలో
నాకింకా ఎవరూ నేర్పలేదు.

నిన్న మూడో గోతంలో
ఎనభై మూడో సంవత్సరం పుస్తకం బయటపడింది.
ఒక పేజీలో ముద్ర గడి దాటి పక్కకు జారింది,
సిరా చెదిరినా గీతలు తేటగా ఉన్నాయి.
"నీదేనా?" అన్నాను.
లాంతరు లైటు దగ్గరికి లాక్కుని,
తన వేలు దాని మీద ఆనించి చూసింది.
"నాది గాదు.
నా వేలి గీతలు ఆ ఏటికే అరిగిపోయినాయి."
రేషను మిషను ఇప్పటికీ
ఆమెను ఎవరో అంటుంది.

"ఐదోది ఇంకా రాలా?" అంది.
నేను నోరు తెరిచేలోగానే
"సరేలే, ఇంకో పేరు చదువు."