నలభై మూడో పేజీ అంచున

ఈస్టర్ వారం వస్తే
మా నార్వేలో అందరికీ శవాలు కావాలి.
కొండ మీద చెక్క గది, కమలాపండు,
కిటికీ దాకా మంచు, ఒళ్ళో ఒక హత్య.
ఎందుకని అడక్కండి,
మా తాతల నాటి ముచ్చట.

నేను పుస్తకాల బస్సు నడుపుతాను.
కొండల సందుల్లోకి చొరబడ్డ సముద్రం వెంట
పన్నెండు చోట్ల ఆగుతాను,
ఆఖరిది చేపల ఫ్యాక్టరీ గేటు.
తూరున్ ఐకెమో కొత్త నవల
రెండే కాపీలు వచ్చాయి,
పేరు రాయించుకున్నవాళ్ళు ముప్పై ఒక్కరు.

ఇక్కడ ఎవరూ పుస్తకం ఊరికే తిరిగివ్వరు.
మెట్టు మీద బూట్ల మంచు దులుపుకుంటూ
ఒక తీర్పు కూడా ఇచ్చి పోతారు.

ఓడ్వార్ అయితే చదవకముందే ఇస్తాడు.
"ముప్పై నాలుగేళ్ళు పోలీసుగా చేశాను ఇక్కడ.
పోయినవి రెండు పడవ ఇంజన్లు, ఒక గొర్రె.
ఈవిడ పుస్తకానికి ఐదుగుర్ని చంపుతుంది,
జనాభా లెక్కలవాళ్ళు ఏమైపోవాలి?"
అని, గొంతు తగ్గించి
తన వంతు ఎప్పుడొస్తుందని అడుగుతాడు.

బేకరీ మారిత్‌కి కోపం డిటెక్టివ్ మీద కాదు,
రాసినావిడ మీద.
"నాలుగు పుస్తకాలుగా అదే విడాకులు, అదే తాగుడు.
ఒక్క పూట వేడిగా ఏదైనా
తిననివ్వకూడదా ఆ మనిషిని?"

స్కూలు టీచర్ హల్వోర్
నూటపదో పేజీలోనే హంతకుణ్ణి పట్టేశాడట.
ఎవరని అడిగితే
రెండు పేర్లు చెప్పాడు.

పదమూడేళ్ళ ఐరిక్ మాత్రం
ఆఖరి అధ్యాయం ముందు చదువుతాడు.
"ఎవరు చేశారో తెలిసిపోతే
వాళ్ళు అబద్ధం చెప్పేటప్పుడు
మొహాలు బాగా కనపడతాయి."
వాణ్ణి తిట్టాలనుకుని
ఆ రాత్రి నేనూ అలాగే చదివాను.

పెన్సిల్ రాతలు చెరపడం నా పని.
సీటు పక్క సొరుగులో రబ్బరు ఎప్పుడూ ఉంటుంది.
ఎవరో మొదటి పేజీలోనే
హంతకుడి పేరు కింద గీత గీస్తున్నారు.
గుమ్మడికాయల దొంగ ఎవరన్నట్టు అడిగాను,
వరసలో ముగ్గురు భుజాలు తడుముకున్నారు.

నలభై మూడో పేజీలో
శవం ఒడ్డుకి కొట్టుకొస్తుంది.
డిటెక్టివ్ వంగి, వేలి ఉంగరం తీసి
లోపల చెక్కిన పేరు చదువుతాడు.
ఆ తీగ లాగితేనే
కథలో డొంకంతా కదులుతుంది.

ఆ పేజీ అంచున, సన్నగా:

"పదకొండు రోజులు నీళ్ళలో ఉన్న వేలి నుంచి
ఉంగరం అలా రాదు.
కత్తిరించాలి."

తోకలు పొడుగ్గా లాగే ఆ అక్షరాలు
నా దగ్గరున్న సంతకాల్లో ఒకటే ఉంది.
చేపలు కోసే వరసలో పనిచేసే గున్‌వోర్.
పుస్తకం ఇస్తూ "బాగానే ఉంది" అంది,
చేతి తొడుగులు తియ్యకుండానే.

నాలుగేళ్ళ కిందట, ఫిబ్రవరి.
పడవ దొరికిన రోజుకీ
మనిషి దొరికిన రోజుకీ మధ్య
ఒకసారి నా బస్సు ఎక్కింది.
కవిత్వమో ప్రార్థనలో ఇవ్వబోయాను.
వద్దంది.
చివర్లో ఎవరు చేశారో
చెప్పేవి ఇమ్మంది.
రెండు ఇచ్చాను.

రబ్బరు తీశాను.
పైనా కిందా ఉన్న కాఫీ మరక తుడిచాను,
అది రబ్బరుతో పోదని తెలిసీ.

తర్వాత పేరు ఓడ్వార్‌ది.
తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు.
తిరిగిచ్చేటప్పుడు
బూట్లు దులుపుకున్నాడు, అంతే.
గొర్రె లేదు, జనాభా లెక్కలు లేవు,
తర్వాతి భాగం ఎప్పుడనీ అడగలేదు.

అతను దిగాక పేజీ తిప్పి చూశాను.
ఆ మూడు వరసల కింద
ఇంకో పెన్సిల్‌తో, గట్టిగా ఒత్తి,
ఒక టిక్కు.

మారిత్ మెట్టెక్కి చెయ్యి చాచింది.
సొరుగు మూసి
పుస్తకం ఆమెకిచ్చాను.