కూత లేని పిట్ట

బూట్లు అక్కడే విప్పు మెర్విన్,
మంచు కరిగి నేలంతా మడుగవుతుంది.
రేపు ఆసుపత్రిలో నా మోకాలు విప్పి
కొత్త కీలు బిగిస్తారట.
మూడు వారాలు ఈ ఐలీ వంటిల్లు నీది.

పెద్ద ఓవెన్ జోలికి పోకు.
పోయిన అక్టోబరులో చల్లబడింది,
ఇప్పుడు దాని కడుపు నిండా పెనాలే.
వంటంతా ఇదిగో, ఈ బుడ్డ టోస్టర్ ఓవెన్‌లోనే.
చర్చి మెట్ల మీద పాత సామాన్లు అమ్ముతుంటే
ఆరు డాలర్లకు తెచ్చాను.
పిట్ట కొంచెం, కూత ఘనం అంటారే,
దీనికి ఆ కూత కూడా లేదు.
గంట పడిపోయి నాలుగేళ్ళు.
టైమైతే ఊరికే ఆగిపోతుంది
అలిగిన మనిషిలా.

అంకెలు నమ్మకు.
మూడొందల యాభై అంటే నాలుగొందలు.
ఎడమ మూల మాడుస్తుంది, కుడి మూల మరిచిపోతుంది,
సగంలో పళ్ళెం తిప్పు.

తెల్లవారుజామున నాలుగున్నరకి
రై రొట్టె రెండు ముక్కలు.
కడ్డీలు ఎర్రబడుతుంటే
పక్క కిటికీకి పట్టిన మంచు
సాసరంత గుండ్రంగా కరుగుతుంది.
అందులోంచి చూసుకుంటాను
వాకిట్లో పసుపు బస్సు
కరెంటు తీగ పట్టుకుని
నాకోసం నిలబడి ఉందా అని.

ఒక్క ఆలుగడ్డ కోసం పెద్ద పొయ్యి వెలిగించడం
ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకోవడమే.
ఇందులో నలభై నిమిషాలు, తోలు పటపటమనేదాకా.
నిన్నటి పిజ్జాని మైక్రోవేవ్‌కి ఇచ్చావో,
తడిగుడ్డ తిరిగొస్తుంది.
ఇక్కడ పెట్టు, మళ్ళీ పొగరొస్తుంది దానికి.
ఫ్రీజర్‌లో పీరక్కలున్నాయి,
రై పిండి పడవల్లో అన్నం,
మా అమ్మమ్మ ఫిన్లాండ్ నుంచి
మూటలో కాక వేళ్ళలో తెచ్చుకున్న వంట.
ఎనిమిది నిమిషాలు, పైన గుడ్డు కలిపిన వెన్న.
పది తినకు. సరే, తిను.

సరస్సులో పట్టిన పికరెల్ చేపకి
రేకు కింద, వెన్న పైన.
మొదట వెన్న వాసన,
తర్వాత చేప వాసన.
మూడో వాసన రాకముందే తలుపు తీయాలి.
ఆ మూడోది ఎలా ఉంటుందో చెప్పలేను,
ఒకసారి మాడ్చుకో, జన్మలో మరిచిపోవు.

ఒకనాడు చీజ్ కారి కడ్డీ మీద పడి
భగ్గున మంట లేచింది.
తలుపు తెరవలేదు నేను.
ప్లగ్గు పీకి, చేతులు కట్టుకుని
అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను.
గాలి అందని కోపం ఎంతసేపని?
అప్పటికి మా అక్కతో మాటల్లేవు.
ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.
అది వేరే కథలే.

ఆఖరిది వంట కాదు.
జీనెట్ నా బదులు బస్సు నడుపుతుంది,
సాయంత్రం ఒక సంచీ ఇచ్చి పోతుంది.
పిల్లలు సీట్ల కింద వదిలేసిన చేతితొడుగులు,
జత తప్పినవి, తడిసి ముద్దైనవి.
లోపల పెట్టకు! ఒట్టేయి నాకు.
నీ రాత్రి తిండి అయ్యాక
ప్లగ్గు పీకేసి, కాస్త చల్లారనిచ్చి,
కప్పు గోరువెచ్చగా ఉన్నప్పుడు
పైన పరిచేయి, బొటనవేళ్ళు విడదీసి.
పొద్దుటికి పెళపెళలాడతాయి.
థండర్ బేలో జనవరి అంటే
తడి చెయ్యి చెయ్యి కాదు.

ఏడో సీటు పిల్లొకతె
తన ఎర్ర తొడుగు ముక్కుకి ఆనించుకుని
రోజూ నన్నే అనుమానంగా చూస్తుంది.
అది ముందురాత్రి నేను కాల్చుకున్న
ఆపిల్ మీది దాల్చినచెక్క.
తను అడగలేదు, నేను చెప్పలేదు.

అందుకే మెర్విన్, ఒక్క మాట:
చేప వండిన రోజు మాత్రం
రేడియేటర్ మీద ఆరేయి.