ఎనుముకు పూచీ

బేతంచెర్లలో ఆరో పీరియడంటే
రాళ్ళు కోసే మిషన్ల రొద వచ్చి పలకల మీద కూర్చునే వేళ.
ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి నడిచొచ్చిన పిల్లల తలలు
తెల్లటి పొడితో నెరిసి ఉంటాయి.
నలభై మంది తాతలూ అవ్వలూ
ముక్కులు తుడుచుకుంటూ నా ముందు.

లెక్కల సారు రాలేదు.
సంచిలో కరువు మీద పాఠమొకటి ఉంది, తీయబుద్ధి కాలేదు.
రాత్రి కరెంటు పోయినప్పుడు
కిరాణా చీటీ వెనక గీకిందాన్ని తీసి
గొంతు సవరించుకున్నాను, అదేదో గొప్పదైనట్టు.

"కండ్లద్దాలు పెట్టుకొని కర్రెనుమొకటి
బ్యాంకుకు పోయె బారెడు పొద్దెక్కి
తోకతో తలుపు తోసి, కొమ్ముతో బెల్లు కొట్టి
అప్పియ్యమనె, చెప్పులు కొనాలంట,
కాళ్ళు నాలుగు గదా, రెండు జతలంట!"

ఎవరూ నవ్వలేదు.
హుసేనమ్మ చెయ్యెత్తింది:
"మేడమ్, ఎనుముకు చెవులు పక్కకుంటాయి గదా,
అద్దాలు యాడ నిలబడతాయి?"
"కొమ్ములకు దారం కట్టింటాది లేమే" సుంకన్న.
"దానికి పాసుబుక్కు ఉండాదా?"
"మా నాయన మూడుసార్లు తిరిగినాడు, ఇయ్యలేదు."
ఇది వెనక బెంచీ నుంచి, చాలా మామూలుగా.

నవ్వించడం ఎంత కష్టమో
ఆ ఎండలో తెలిసింది నాకు.
ఒక్కో ప్రశ్నకీ నా ఎనుము
కొంచెం కొంచెం నిజం ఎనుమై
బ్యాంకు మెట్ల మీద నీడకు ఒదిగి నిలబడింది.

చివరి పాదం నాకూ దొరకలేదని ఒప్పుకున్నాను.
"మేనేజరు అడిగె: నీకు పూచీ ఎవరే?
ఎనుము అనె..."
ఏమనె?

జూన్ నుంచి హాజరుకు తప్ప నోరు తెరవని మద్దిలేటి
లేచి, నిక్కరు పైకి లాక్కొని
కిటికీకి చెప్పినట్టు చెప్పినాడు:
"ముందు నువ్వు గడ్డి తినేది మాను సారూ,
నాకు మిగల్లే!"

మొదట సుంకన్న పడ్డాడు, బెంచీ మీంచి.
తర్వాత నేను, బల్ల పట్టుకొని.
తలలు ఊగీ ఊగీ గదంతా పొడి లేచింది,
తుమ్ములేవో నవ్వులేవో తెలియలేదు.
హెడ్మాస్టరు బెత్తంతో పరుగున వచ్చి ఏమైందన్నాడు.
నలభై గొంతులు ఒక్కసారే చెప్పాయి.
ఆయన గోడవైపు తిరిగి
చాలాసేపు క్యాలెండరు చూశాడు.
అది పోయిన ఏడాదిది.

మర్నాడు గేటు దగ్గర మద్దిలేటి నాయన,
కనుబొమ్మల దాకా రాతిపిండి.
పిల్లోనికి ఇదా నేర్పేది అంటాడేమోనని
నేను జవాబులు కూడగట్టుకుంటున్నా.
ఆయన తువ్వాలు దులిపి, అటూ ఇటూ చూసి,
"అది గాదు మేడమ్,
రాత్రి అన్నం కాడ ఇంట్లో ఒకటే పంచాయితీ.
ఇంతకూ ఎనుముకు లోను వచ్చినాదా?"

ఇంకా రాయలేదన్నా, అన్నాను.

కాసేపు ఆలోచించినాడు.
"పూచీకి ఎవురూ లేకుంటే
నా పేరు రాయండి."