గింజల పొట్లం

ఆ చలికాలం కుతాయిసిలో కరెంటు లేదు.
ట్రాలీబస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి,
కొమ్ములు వాల్చిన ఎడ్లలా.
మా నాన్న నుగ్జార్ మాత్రం పొద్దున్నే లేచి
గడ్డం గీసుకుని వెళ్లి
తన బస్సులో, తన సీట్లో, కాసేపు కూర్చుని వచ్చేవాడు.
ముందు అద్దం తుడిచేవాడు.
అంతే పని. జీతం లేదు.

నాకు పద్నాలుగేళ్లు.
వంతెన మొదట్లో మారో అవ్వ
పొద్దుతిరుగుడు గింజలు వేయించి అమ్మేది.
చెప్పుల ఫ్యాక్టరీ మూతపడినప్పుడు
అందరూ తోలూ మేకులూ పట్టుకుపోతే
ఆవిడ లైబ్రరీని గోనెసంచుల్లో ఇంటికి మోసుకుపోయింది.
పుస్తకం మోకాళ్ల మధ్య పెట్టుకుని
చేతికందిన చోట చించి
చుట్టి, అడుగు మడిచి, గ్లాసుడు గింజలు పోసేది.

నా మొదటి పొట్లంలో ఒక డాక్టరు చచ్చిపోయాడు.
రెండు వందల పన్నెండో పేజీ.
బయట వాన. గుర్రబ్బండి ఆలస్యంగా వచ్చింది.
గింజలు తమ్ముడి జేబులో పోసి
కాగితం నేనుంచుకున్నాను.

మర్నాటి పొట్లంలో, నలభయ్యో పేజీలో,
అదే డాక్టరు ఓడ ఎక్కుతున్నాడు.
పాతికేళ్లవాడు. టోపీ గాలికి ఎగిరిపోతే
దాని వెనక పరిగెత్తకుండా నవ్వుతున్నాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను.

"అవ్వా, ఆ పుస్తకంలోదే చించవూ."
"పుస్తకమేమిటే పిచ్చిపిల్లా, కాగితం కాగితమే."
అయినా నేను కనబడితే ఆ బొంతనే వెతికి తీసేది.
కిరసనాయిలు బుడ్డి దగ్గర చదివేదాన్ని.
నూనె పట్టిన చోట అవతలి పేజీ ఇవతలికి కనబడేది:
పెళ్లిలో మంచు కురిసేది,
ఆవిడ తలుపు తీస్తే సగం వాక్యానికి సముద్రం.
కొన్ని నాకు దక్కలేదు.
ఉత్తరం ఉన్న పేజీని దర్జీ కొడుకు జాజా కొనుక్కుని
నలిపి రియోనీ నదిలో పారేశాడు.
అందులో ఏముందిరా అంటే,
గింజలు, అన్నాడు.

ఫిబ్రవరిలో నాన్నకు దగ్గు పట్టుకుంది.
తొమ్మిది రోజులు.
వాకిట్లో బంధువులు, నల్లబట్టలు, అరువు కుర్చీలు.
నేను ఏడవడం లేదని లమారా అత్త జబ్బ గిల్లింది.
ఏం చెప్పను ఆవిడకి?
నేను తరవాతి పేజీ కోసం చూస్తున్నాను.
ఇది రెండు వందల పన్నెండు, అంతేగా.
నలభై ఇంకా రావాలి.

సాయంత్రం వంతెన దగ్గరికి పోయాను.
మారో అవ్వ డబ్బు తీసుకోలేదు.
పొట్లం పెద్దది కట్టింది.
విప్పితే అందులో మనుషులెవరూ లేరు.
ఒక గది.
కిటికీ, కుర్చీ, కుర్చీకి తగిలించిన కోటు.
రెండు వైపులా అదే గది.
అప్పుడు ఏడ్చాను, గింజలన్నీ మంచులో పోసుకుని.

ఈ మధ్య తిబిలిసీలో,
పాత సామాన్ల సంతలో, పగిలిన సమోవార్ పక్కన
ఆ పుస్తకం దొరికింది. అట్టతో సహా, నిండుగా.
టోపీ వాక్యం చూసి పోల్చుకున్నాను.
పేరు చూస్తే నాకేమీ అనిపించలేదు,
చుట్టం పేరు బడి రిజిస్టర్లో చదివినట్టు.
రైల్లో మొదలుపెట్టాను.
ఒకటి తరవాత రెండు, రెండు తరవాత మూడు.
నిజం చెప్పాలంటే అంత గొప్ప పుస్తకమేం కాదు.
డాక్టరు వాగుడుకాయ.
నాకు దక్కని పేజీల్లో అప్పులు చేశాడు,
ఒక నర్సుని మోసం కూడా చేశాడు.
రెండు వందల పన్నెండులో పోయాడు.
ఆ తరవాత అరవై పేజీలున్నాయి,
ఎంత తిప్పినా రాలేదు.

నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సుని.
కన్నుమూసిన వాళ్ల పక్కన
వాళ్ల మనుషులు వచ్చేదాకా కూర్చుంటాను.
అది నా పని కాదు. ఎవరూ చెయ్యమనలేదు.
ఊరికే కూర్చుని
బల్ల మీది కళ్లజోడు అద్దాలు తుడుస్తాను.

పుస్తకంలో నలభయ్యో పేజీ మాత్రం చదవలేదు.
ముప్పైతొమ్మిది నుంచి రెండాకులు ఒకేసారి తిప్పేశాను.
అది నా దగ్గరుంది గదా,
పొట్లం మడతలతో.
మూల నాకితే
ఇంకా ఉప్పగానే ఉంది.