సావనీరుకు రెండు పేజీలు

రెండు పేజీలు చాలన్నారు మేనేజరు గారు.
ఒకదాంట్లో చరిత్ర, రెండోదాంట్లో సరుకులు.
ముప్పయ్యొక్కేళ్లు టైమాఫీసులో హాజరు వేసినవాణ్ణి,
నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందట.

చరిత్ర.
పెనమలూరు దాటాక బందరు కాలువ గట్టున
నలుగురు షావుకార్లు కొబ్బరికాయ కొట్టారు.
మిల్లు రోలర్లు పడవ మీద వచ్చాయి.
దింపుతుంటే ఒకటి జారి కాలువలో పడితే
మూడు జతల దున్నలూ ఊళ్లో మగాళ్లందరూ పట్టి లాగారు.
కాయ కొట్టినవాళ్ల పేర్లు గేటు పక్క రాతి మీదున్నాయి.
లాగినవాళ్లవి మోకు మీదే ఉండాలి,
మోకు చివికిపోయింది.

మొదటి పంచదార బూడిదరంగులో దిగింది.
బెజవాడ వన్‌టౌన్ కొట్లవాళ్లు బస్తాలు తిప్పి పంపారు.
గంధకం పొగ పెట్టి, సున్నపు తేట పోసి,
రసాన్ని కడిగి కడిగి
మూడో సీజనుకి గానీ తెల్లబడలేదు.

ఉప్పెన ఏడు
గోడౌను రేకులు లేచిపోయాయి.
బస్తాలు నిలబడ్డచోటే కరిగాయి.
వారం రోజులు కాలువ తియ్యగా పారింది,
గేదెలు రేవు వదిలి రాలేదు.
ఆ వారం నేను నలుగురికి ఆబ్సెంటు వేశాను.
తర్వాత కూడా వాళ్లు రాలేదు.
ఆ గళ్లు ఎలా నింపాలో ఎవరూ చెప్పలేదు.

సరుకులు.
పంచదార, సన్నం, లావు.
మడ్డి, సారా బట్టీకి.
పిప్పి బాయిలర్లోకి, బాయిలర్ నుంచి కరెంటు,
కరెంటు మా క్వార్టర్లకి తప్ప అన్ని ఊళ్లకీ.
వడపోత మట్టి పొలాలకి.
ఈమధ్య ఇథనాలు, మోటారుసైకిళ్లకి.
చెరకులో వృథా పోయేదేమీ లేదని బోర్డు కూడా రాయించారు.

ఇంకా అరపేజీ మిగిలింది.
అక్కడ చైర్మన్ గారి ఫొటో వేస్తారట.
ఫొటో వచ్చేలోపు ఇది రాస్తాను.

నాగుల్ మీరా, పాన్ మ్యాన్.
కెమిస్టు గాజుపలక తీసేలోపే
ఉడికే పాకంలోంచి ఓ చుక్క
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి,
తీగ సాగదీసి,
"ఇంకో రెండు నిమిషాలు" అనేవాడు.
తీగపాకానికీ ముదురుపాకానికీ మధ్య
రెప్పపాటే ఉంటుందట.

మొన్న పింఛను ఆఫీసులో
బతికే ఉన్నట్టు వేలు పెట్టమన్నారు.
పెట్టాడు. తుడుచుకుని పెట్టాడు. ఎడమది పెట్టాడు.
మిషను ఒప్పుకోలేదు.
గీతల్లేవు. గాజుపలకలా నున్నగా ఉంది వేలు.
"ఇన్నేళ్లూ ఇతనికి హాజరు వేసింది నేనే బాబూ" అన్నాను.
"మీ మాట చెల్లదండీ" అన్నాడా కుర్రాడు,
మర్యాదగానే.

బయట బండి దగ్గర టీ తాగాం.
గ్లాసు అడుగున కరగని పలుకుల్ని
మీరా రెండు వేళ్ల మధ్య నలిపి చూసి
"సన్నరకం" అన్నాడు.
కాసేపాగి,
"మనది కాదు."