పోగు జారిన గడి

అక్షరాలన్నీ చదివింది ఆడెపు సాంబలక్ష్మి.
ఆఖరి వరుసలో చీమకాళ్లంత గీతల్ని కూడా
బియ్యంలో రాళ్లేరినట్టు ఏరి నా ముందు పెట్టింది.
"ఇగ పోవచ్చా బిడ్డా, కండెలు చుట్టేదుంది."

ఆగమన్నాను.
బోర్డు ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది,
మనిషి ఉండదు కదా.

కంటి ముందు బూడిదరంగు అద్దం పెట్టాను.
అదే బోర్డు, అవే అక్షరాలు.
కింది మూడు వరుసలు లేవు.
నీ లైటు ఖరాబైందని నవ్వింది.

తర్వాత చీకటి గది.
ఒక్క మెరుపు మెరిపించి, ఆర్పేసి,
ఆవగింజంత చుక్క కనపడగానే బటన్ నొక్కమంటాం.
బయట ములుగు రోడ్డు మీద బస్సులు,
గోడ అవతల చుక్కలమందు వేస్తూ నర్సు కసుర్లు,
ఇక్కడ ఆమె గాజులు.
పదకొండు నిమిషాలు. పన్నెండు.
పద్నాలుగో నిమిషంలో, బటన్ నొక్కకుండానే అంది:

"ఇది నాకెరికే బిడ్డా.
ఎండల నుంచి మగ్గం కాడికి రాంగనే
ఒకప్పుడు రెప్ప కొట్టేలోపట నూలు రంగు తెలిసేది.
పోయినేడు ఒక కండె చుట్టేదాక ఆగేదాన్ని.
ఈయేడు రెండు కండెలు.
ఓ దినం మా ఇంటాయిన ఎర్రది అడిగితే నల్లది ఇచ్చిన.
ఏమనలే.
పంజ కింద పెట్టి బయటికి పోయిండు."

మిషన్ ఇంకా లెక్కపెడుతూనే ఉంది.
నేను రిపోర్టులో రాయాల్సిన అంకె
రెండేళ్లుగా కొత్తవాడలో
కండెల లెక్కన నడుస్తూనే ఉంది.

గళ్ల కాగితం చూపించాను, ఒక్కో కన్ను మూసి.
"మంచిగ నేసిండ్రు," అంది
జంపఖానాకు ధర కట్టేదానిలా.
"ఒక్క పడుగుపోగు ఒదులు లేదు."

ఎన్నేండ్లుంటయి ఇవి, అని అడిగింది.
డాక్టరమ్మ చెప్పగలిగింది చెప్పింది.
కంటి వెనక పొరలో పసుపు మచ్చలు,
చీకటికి అలవాటుపడని కన్ను
ముందుగా దెబ్బతినే కన్ను కావచ్చు,
కాకపోనూవచ్చు.
సాంబలక్ష్మి రెంటినీ కొంగున ముడేసుకుంది.
కాగితం గోడకు అంటించుకొమ్మన్నాం.
పొద్దున ఒక కన్ను, వెంటనే రెండోది.
వంకర కనపడితే తారీఖు చూడకుండా రమ్మన్నాం.

రమ్మన్నది ఉగాది తర్వాత.
వచ్చింది మేడారం జాతర వారంలో,
ఆటోలన్నీ అటు పోతే నడిచి.
చేతిలో ఆ కాగితం, చెమటకు మెత్తబడి.
ఒక గడిలో ఎర్రనూలు ముక్క,
అన్నం మెతుకుతో అంటించి.

"బుధారం దాక సక్కగున్నది.
బేస్తారం పొద్దుగాల ఈడ పోగు జారింది.
ఒకటే.
మా ఇంటాయినకు చూపెడితే ఏం లేదన్నడు.
ఆయన కండ్లు మంచియి,
ఆయనకేం తెలుస్తది."

బోర్డు ముందు నిలబెట్టాను, రూలు కాబట్టి.
ఆఖరి వరుస దాకా మళ్లీ చదివేసింది.

కాగితం మీద తారీఖు వేసి,
ఎర్రనూలు కదలకుండా ఫైల్లో పెట్టి,
వరుసలో కూర్చున్న పద్దెనిమిది మందినీ దాటుకుని
డాక్టరమ్మ గదికి పరుగెత్తాను.